చంద్రుడి మీద చప్పుడు: మా స్టూడెంట్ సినిమాకు సౌండ్ చేసిన అనుభవం

రాత్రి రెండు దాటాక తార్నాకలో మా గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రికార్డర్ పట్టుకుని నిలబడ్డాను. కంచెకు బయటే, నాలుగడుగుల దూరంలో. పగలు అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉందన్న సంగతే ఎవరికీ పట్టదు. ఆటోలు, కుక్కర్ విజిళ్లు, పై అంతస్తు టీవీ అన్నీ కలిసి దాని చప్పుడును మింగేస్తాయి. ఆ వేళకు మాత్రం అదొక్కటే మిగులుతుంది. ఎవరో నోరు మూసుకుని శ్రుతి పట్టినట్టు ఒకటే 'మ్' అని మోగుతూ ఉంటుంది. పది నిమిషాలు కదలకుండా రికార్డ్ చేశాను. మా సినిమాలో చంద్రుడి మీద కట్టిన స్టేషన్ మొత్తం ఆ పది నిమిషాల మీదే నిలబడింది.

పీజీ చివరి సెమిస్టర్‌లో ఆరుగురం కలిసి చేసిన 14 నిమిషాల సినిమా అది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగుతుంటే హాస్టల్ టీవీ ముందు కూర్చుని చూసినప్పుడే మా డైరెక్టర్‌కు ఆ ఆలోచన వచ్చిందట. కథ చిన్నదే. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచు తవ్వే స్టేషన్. అందులో ఇద్దరే మనుషులు. ఒకరోజు నేల కంపించి సొరంగం కూలుతుంది. అతను లోపల చిక్కుకుపోతాడు, ఆమె బయట ఉండిపోతుంది. రేడియో పోయింది. ఇక రాతి మీద తట్టి మాట్లాడుకోవడం తప్ప దారి లేదు.

కథ విన్నప్పుడే నాకు ఒళ్లు జలదరించింది. ఈ సినిమాలో సగం కథ చెవితోనే నడుస్తుంది. కానీ స్టూడెంట్ సినిమాల్లో సౌండ్ ఎప్పుడూ చివర వచ్చే పని. కెమెరా అద్దెకు, లైట్లకు, భోజనాలకు డబ్బులు అయిపోయాక, ఎడిటింగ్ కూడా పూర్తయ్యాక, ఇంకో వారంలో సబ్మిషన్ అనగా ఒక హార్డ్ డిస్క్ తెచ్చి చేతిలో పెడతారు. అంతకు ముందు సెమిస్టర్‌లో నాకు అదే జరిగింది. రోడ్డు పక్కన తీసిన సీన్‌లో హీరో మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. డబ్బింగ్‌కు ఆ అబ్బాయి ఊళ్లో లేడు. ఆ సినిమా చూస్తూ హాల్లో జనం పక్కవాళ్లను "ఏమన్నాడు?" అని అడగడం నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను. ఆ బాధ ఇంకా పోలేదు. అందుకే ఈసారి మా డైరెక్టర్‌ను ఒక్కటే అడిగాను, షూటింగ్‌కు నెల ముందే స్క్రిప్టు ఇవ్వమని. తను ఇచ్చింది. ఈ సినిమాకు జరిగిన మేలంతా అక్కడి నుంచే మొదలైందని నా నమ్మకం.

మొదటి పని, స్క్రిప్టును గట్టిగా చదివించుకోవడం. డైరెక్టర్ చదువుతుంటే నేను కళ్లు మూసుకుని విన్నాను. ఏ వాక్యం దగ్గర ఏదో వినబడాలని అనిపించిందో అక్కడ చేయి ఎత్తేవాణ్ణి, తను పెన్సిల్‌తో గీత పెట్టేది. తర్వాత నాలుగు చార్టు పేపర్లు అంటించి గోడ మీద 14 నిమిషాలను గడులుగా గీశాం. ఒక్కో గడి పది సెకన్లు. అడ్డంగా ఐదు రంగుల గీతలు: మాట, ఊపిరి, స్టేషన్ హోరు, తాకిడి, సంగీతం. ఏ గీత ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ చిక్కబడుతుంది, ఎక్కడ తెగుతుంది అన్నదే మా ప్లాన్. గీసి దూరం నుంచి చూస్తే మొదటి తప్పు దానంతట అదే కనబడింది. ఐదు రంగులూ మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఖాళీ లేకుండా ఉన్నాయి. ఊపిరి తీసుకునే చోటే లేదు. ఆ రాత్రంతా చెరిపాం. గీయడం కంటే చెరపడానికే ఎక్కువ టైమ్ పట్టింది.

అసలు గొడవ మర్నాడు వచ్చింది. చంద్రుడి మీద గాలి లేదు. గాలి లేకపోతే శబ్దం ప్రయాణించదు. గాజు గంట లోపల కరెంటు బెల్లు మోగుతుంటే పంపుతో గాలి తీసేస్తూ పోతే చప్పుడు సన్నబడి ఆగిపోయే ప్రయోగం స్కూల్లో అందరం చదువుకున్నదే. మరి బయట సొరంగం కూలే సీన్‌లో ఏం వినిపించాలి? మా డైరెక్టర్‌కు సైన్స్ తప్పకూడదు. ఎడిటర్‌కేమో అంత పెద్ద సీన్ నిశ్శబ్దంగా పోతే జనం స్పీకర్లు పాడయ్యాయనుకుంటారని భయం. ఇద్దరి మాటా నిజమే.

కెమెరా చేసే మిత్రుడు ఒక ఉపాయం చెప్పాడు, కథను అంగారకుడి మీదికి మార్చేద్దామని. అక్కడ పల్చగానైనా గాలి ఉంది. 2021 ఫిబ్రవరి 18న దిగిన పర్సెవరెన్స్ రోవర్‌కు మైకులు ఉన్నాయి, అది పంపిన గాలి చప్పుడు ఎవరైనా వినొచ్చు. అక్కడ శబ్దం వేగం సెకనుకు సుమారు 240 మీటర్లే, ఇక్కడేమో 340. కార్బన్ డయాక్సైడ్ గాలి సన్నటి చప్పుళ్లను తొందరగా మింగేస్తుంది, అంతా దుప్పటి కప్పుకుని విన్నట్టు ఉంటుంది. సౌండ్ చేసేవాడికి అది పండగే. నాకూ ఆశ పుట్టింది. కానీ డైరెక్టర్ ఒప్పుకోలేదు. చంద్రుడు అయితేనే చేస్తానంది.

ఆ పట్టుదలే మాకు దారి చూపించింది. చంద్రుడి గురించి చదువుతూ పోతే రెండు విషయాలు దొరికాయి. 1969 నవంబరులో అపోలో 12 వాళ్లు తమ నౌక పైభాగాన్ని కావాలనే చంద్రుడి నేల మీద పడేశారు. నేల మీద పెట్టిన కంపనమాపకం ఆ ప్రకంపనలను దాదాపు గంటసేపు నమోదు చేసింది. రెండోది మన విక్రమ్ మీద ఉన్న ఇల్సా, నేల కంపనాలను కొలిచే పరికరం. ప్రజ్ఞాన్ రోవర్ చక్రాలు కదిలినప్పుడు నేలలో పుట్టిన కంపనాన్ని అది పట్టుకుంది. 2023 ఆగస్టు 26న సహజమైనదిగా కనిపించిన ఒక కుదుపును కూడా నమోదు చేసింది. అంటే చంద్రుడు మూగవాడు కాడు. గాలిలో వినబడదు గానీ నేలకు ఆనుకుంటే వినబడుతుంది.

చార్టు పైన పెద్ద అక్షరాలతో రాసుకున్నాం: "చేయి ఆనితేనే శబ్దం." బయట ఉన్నంతసేపు ఆమె దేన్నైనా తాకితేనే ప్రేక్షకుడికి వినబడాలి. బూటు నేలను తాకితే అడుగు చప్పుడు, గ్లౌజు రాతికి తగిలితే రాతి చప్పుడు. చేయి తీసేసిన మరుక్షణం అంతా పోయి హెల్మెట్ లోపలి ఊపిరి ఒక్కటే మిగలాలి.

ఈ ఒక్క నియమం స్క్రిప్టునే మార్చేసింది. సొరంగం కూలే షాట్‌లో ముందు ఆమె దూరంగా నిలబడి చూసేది. ఇప్పుడు ఆమె బండకు చేయి ఆనించి నిలబడింది. కూలడం కళ్ల ముందు జరుగుతుంది, చేయి ఆనిన ఆ నాలుగు సెకన్లు మాత్రం భయంకరమైన మోత. అదురుకు చేయి జారుతుంది. మోత తెగిపోతుంది. రాళ్లు ఇంకా పడుతూనే ఉంటాయి, ఏమీ వినబడదు. కెమెరా మిత్రుడు చేతుల క్లోజప్‌లు పదకొండు అదనంగా రాసుకున్నాడు. సౌండ్ ప్లాన్ ముందే లేకపోతే ఆ షాట్లు తీసేవాళ్లమే కాదు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎంత మొత్తుకున్నా తియ్యని షాట్ పుట్టదు కదా.

షూటింగ్ నాచారం వైపు ఒక ఖాళీ గోడౌన్‌లో పెట్టుకున్నాం. థర్మోకోల్, అట్టపెట్టెలు, పీవీసీ పైపులు, వెండి రంగు టేపుతో స్టేషన్ కట్టారు. కంటికి చాలా బాగుంది. చెవికి మాత్రం ఘోరం. ఇనుప స్టేషన్ అని చెబుతూ నటి థర్మోకోల్ గోడను తాకితే కీచుమని అరుస్తుంది. పైన రేకుల కప్పు, పక్కన వెల్డింగ్ షాపు. సెట్‌లో వాడిన ఎల్‌ఈడీ స్ట్రిప్పుల అడాప్టర్లు సన్నగా ఈల వేస్తాయి. ముందురోజే వెళ్లి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటసేపు గోడౌన్ అంతా తిరిగాను. అడాప్టర్లను పొడవాటి వైర్లతో గోడౌన్ బయట పెట్టించాం. వెల్డింగ్ అన్నతో మాట్లాడి, మాటలున్న సీన్లన్నీ ఆయన భోజనానికి వెళ్లే టైమ్‌కు, సాయంత్రం షాపు మూశాక పెట్టుకున్నాం. ప్రతి సెటప్ అయ్యాక అందరినీ నిలబెట్టి ఒక నిమిషం రూమ్ టోన్, అంటే ఎవరూ కదలనప్పుడు ఆ చోటుకు ఉండే చప్పుడు, తీసుకున్నాను. మొదటిరోజు విసుక్కున్నారు. మూడో రోజుకు నేను అడగకముందే లైట్‌బాయ్ తమ్ముడే "టోన్, టోన్, ఎవరూ కదలొద్దు" అని అరిచేవాడు.

రెండో రోజు ఒక దెబ్బ తగిలింది. నటి గట్టిగా అరిచే టేక్ అద్భుతంగా వచ్చింది, రికార్డింగ్‌లో మాత్రం అరుపు పగిలిపోయింది. రిహార్సల్‌లో ఆమె సగం గొంతుతోనే చేసింది, నేను లెవల్ దానికే పెట్టాను. ఆ రోజు నుంచి అదే మైకును రెండు ట్రాకుల్లో రికార్డ్ చేశాను, రెండోది 12 డెసిబెల్స్ తక్కువలో. రికార్డర్‌లో ఆ సదుపాయం మొదటి నుంచీ ఉంది. ఆ టేక్‌ను డబ్బింగ్‌లో మళ్లీ చెప్పించాం, కానీ సెట్‌లో వచ్చిన ఆ గొంతు మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఆ సీన్ వస్తే నాకు కడుపులో కలుక్కుమంటుంది.

ఇక నాకు ప్రాణమైన భాగం, తాకిడి శబ్దాలు. మామూలు మైకు గాలిలో శబ్దాన్ని వింటుంది. మాకు కావాల్సింది వస్తువు లోపల పారే శబ్దం. దానికి కాంటాక్ట్ మైకు కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. కోఠి గుజరాతీ గల్లీలో అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే పైజో బిళ్లలు దొరుకుతాయి, రూపాయి బిళ్లంత ఇత్తడి రేకు, మధ్యలో తెల్లటి పింగాణీ పూత. ఒక్కోటి పదిహేను రూపాయలకు ఆరు తెచ్చాను. వైరు అతికించి, టేపు చుట్టి రికార్డర్‌కు తగిలిస్తే చప్పుడు వచ్చింది గానీ డొల్లగా, రేకు డబ్బాలా ఉంది. కింది స్థాయి అంతా మాయం. రెండు రోజులు బిళ్లదే తప్పనుకున్నాను. తప్పు బిళ్లది కాదు, నేను గుచ్చిన సాకెట్‌ది. పైజోను గుచ్చే సాకెట్‌కు ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు సాకెట్ ఇచ్చే అడ్డు, చాలా ఎక్కువ ఉండాలి, మామూలు మైకు సాకెట్‌లో అది ఉండదు. గిటార్ గుచ్చే సాకెట్‌లో పెట్టగానే అదే బిళ్ల గర్జించింది. మా ఇంటి మెట్ల ఇనుప రెయిలింగ్‌కు అంటించి వేలితో గోకితే ఓడ పొట్టలో కూర్చున్నట్టుంది. నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను, సంతోషం పట్టలేక.

ఆ తర్వాత రెండు వారాలు కనబడిన ప్రతిదానికీ బిళ్ల అంటించాను. నీళ్ల ట్యాంకు, అమ్మ ఇనుప బీరువా, లిఫ్టు తలుపు, ఫ్రిజ్ వెనక పైపు. బీరువా తలుపు మూసే చప్పుడును కిందికి లాగితే స్టేషన్ ఎయిర్‌లాక్ అయింది. మా అపార్టుమెంటులో బోరు మోటారు ఆగేటప్పుడు పైపుల్లో నీళ్లు వెనక్కి జారే గుటక ఉంది కదా, అది స్టేషన్‌లో ఆక్సిజన్ లైను.

రాతి చప్పుడుకు మాత్రం రాయే కావాలనిపించింది. హైదరాబాద్‌లో దానికి కొదవ లేదు. ఈ గ్రానైట్ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మౌలాలి వైపు ఒక పెద్ద గుండుకు రెండు పక్కలా బిళ్లలు అంటించి, తెల్లవారుజామున ఒకడు అటు నుంచి గులకరాయితో తట్టాడు, నేను ఇటు విన్నాను. చెవికి 'టక్' అని ఎండిన చప్పుడే. బిళ్లలో మాత్రం దానికి ఒక తోక ఉంది. 'టుమ్' అని, ఎవరో లోపలి నుంచి జవాబు చెప్పినట్టు. హెడ్‌ఫోన్స్ డైరెక్టర్‌కు ఇచ్చాను. తను మాట్లాడకుండా వింటూ కూర్చుంది. తర్వాత "ఇంకోసారి తట్టమనరా" అంది.

తట్టే భాష కూడా అక్కడే పుట్టింది. స్క్రిప్టులో 'మూడుసార్లు తడుతుంది' అని మాత్రమే ఉంది. గుండు పక్కన కూర్చుని ప్రయత్నిస్తుంటే మా జూనియర్, చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకున్న అమ్మాయి, తకిట అని మూడు తట్టి ఆగింది. అటువైపు వాడు తకధిమి అని నాలుగు తట్టాడు. ఇక మాట రాసే పని లేకపోయింది. మూడు అంటే "ఉన్నావా", నాలుగు అంటే "ఉన్నాను". సినిమా చివర్లో అలసిపోయిన అతను నాలుగు తట్టలేక రెండు దగ్గరే ఆగిపోతే ఆమె ఇటు నుంచి మిగతా రెండు తట్టి పూర్తి చేస్తుంది. ఆ సీన్‌లో డైలాగు ఉండేది. తీసేశాం.

ఊపిరి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సినిమాలో అన్నిటికంటే ఎక్కువసేపు వినబడేది అదే. సెట్‌లో నటి పెట్టుకున్న హెల్మెట్ పైకి అందంగా ఉన్నా లోపల స్పాంజి కరకరలాడేది, ఆ రికార్డింగ్ పనికిరాలేదు. 20 లీటర్ల వాటర్ క్యాన్ అడుగు కోసి, లోపల కాలర్ మైకు అంటించి, ఆమె తల దూర్చేలా చేశాం. ఆ ప్లాస్టిక్ గోడల నుంచి ఊపిరి తిరిగి చెవికి తగిలే తీరు సరిగ్గా కుదిరింది. భయపడే సీన్లకు ఊపిరి నటించొద్దని చెప్పాను. అయిదంతస్తులు ఎక్కి దిగి వచ్చి క్యాన్‌లో తల పెట్టింది పాపం. ప్రశాంతం, పని, ఆయాసం, భయం, ఏడుపు ఆపుకోవడం, ఇలా ఏడు రకాలు విడివిడిగా, ఒక్కోటి మూడేసి నిమిషాలు తీసుకున్నాం. ఎడిట్‌లో నేను వాటిని మాటల్లాగే కోసి అతికించాను. ఒక ఊపిరి లోపలికి తీసుకుని వదలకుండా ఆపిన చోటు ఉంది. అక్కడ ఎన్నిసార్లు చూసినా నేను కూడా ఊపిరి ఆపేస్తాను.

నేల కంపించే చప్పుడు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. ఉరుము, లారీ, క్వారీ పేలుడు అన్నీ పెట్టి చూశాం. అన్నీ భూమివే అనిపించాయి. అప్పుడు జనగామ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఎల్లమ్మ కథ చెప్పే తాత గుర్తొచ్చాడు, ఆయన చేతిలో జమిడిక. ఒకవైపు తోలు కట్టిన డొల్ల, ఆ తోలు మధ్య నుంచి తీగ. తీగను లాగి పట్టుకుని మీటితే స్వరం ఒకచోట నిలవదు, బిగువుతో పైకీ కిందికీ జారుతుంది. చిన్నప్పుడు ఆ చప్పుడుకు భయపడి అమ్మమ్మ కొంగు పట్టుకునేవాణ్ణి. ఆ భయమే నాకు కావాలి. వెళ్లి అడిగితే తాత విచిత్రంగా చూసి, "చందమామ మీద జమిడిక ఎవరు కొడ్తరు బిడ్డా?" అన్నాడు. కథ మొత్తం చెప్పాను. విని, తీగ బిగించి, అరగంట కొట్టాడు. 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 96 వేల నమూనాలు తీసుకునేలా, రికార్డ్ చేసుకున్నాను. అలా తీసుకుంటే తర్వాత నాలుగో వంతు వేగానికి తగ్గించినా చప్పుడు ముద్దగా మారదు. రెండు స్థాయిలు కిందికి దిగిన ఆ జమిడిక మూలుగు, దాని కింద గుండు తోక, అదే మా చంద్రకంపం. డబ్బులు ఇస్తే తాత పుచ్చుకున్నాడు. టైటిల్స్‌లో ఆయన పేరు సంగీతకారుల వరుసలోనే వేశాం.

సంగీతం విషయంలో నేనూ డైరెక్టరూ మొదటిసారి గట్టిగా పోట్లాడుకున్నాం. ఎడిటింగ్ నడుస్తుండగా ఎడిటర్ ఒక విదేశీ సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా కింద పెట్టాడు. పెద్ద ఆర్గాన్, వంద వయొలిన్లు. డైరెక్టర్ దానితో నలభైసార్లు చూసింది, ఇక అది లేకపోతే సీన్ చచ్చిపోయినట్టు అనిపించడం మొదలైంది. ఆ సంగీతం మాది కాదు, అనుమతి లేకుండా ఏ ఫెస్టివల్‌కూ పంపలేం. అలాంటిదే చేయమంటే మా దగ్గర ఒక కీబోర్డు, ఒక గొంతు ఉన్నాయి. కొత్తగా సినిమా తీసేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: టెంప్ మ్యూజిక్ పెట్టకండి. పెట్టినా రెండు రోజుల్లో తీసేయండి. నేను ఒక కట్‌లో దాన్ని తీసేసి, ఊపిరీ తట్టుడూ స్టేషన్ హోరూ మాత్రమే పెట్టి చూపించాను. తను ఒప్పుకోలేదు, కానీ రాత్రంతా ఆలోచించింది. పొద్దున ఫోన్ చేసి, సంగీతం మూడు చోట్ల చాలంది.

ఆ మూడు చోట్ల ఏముండాలి? జూనియర్‌ను నా రూముకు పిలిచి స్టేషన్ సీన్ చూపించాను. ట్రాన్స్‌ఫార్మర్ హోరు మొదలవగానే ఆ అమ్మాయి తల పక్కకు వంచి వింది. "ఇది నా శ్రుతే కదన్నా. అయిదు. కాస్త పైకుంది" అంది. నాకు అర్థం కాలేదు. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యపోయాను. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అయిదు శ్రుతి అంటే హార్మోనియంలో అయిదో తెల్లమెట్టు మీద 'స' పెట్టుకోవడం. ఆ షడ్జమం కింది స్థాయిలో 98. స్వరానికీ స్వరానికీ మధ్య దూరంలో మూడో వంతు పైన, అంతే తేడా. 2013 డిసెంబరు 31న దక్షిణాది కరెంటు గ్రిడ్ మిగతా దేశంతో కలిశాక దేశమంతా కరెంటుది ఒకటే లయ. అంటే కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు అయిదు శ్రుతిలో పాడుతోందన్నమాట. ఆ రోజు నుంచి వీధిలో నడుస్తుంటే నాకు వేరేగా వినబడుతోంది.

హోరును మార్చలేదు. ఆ అమ్మాయే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెలో సన్నటి నాబ్ తిప్పుకుని తన శ్రుతిని హోరుకు కలుపుకుంది. దాని మీద మాటల్లేకుండా నీలాంబరి ఛాయలో జోల లాంటి ఒక కూనిరాగం తీసింది. మొదటిసారి అది వచ్చినప్పుడు ప్రేక్షకుడికి సంగీతం అని తెలియకూడదు, స్టేషనే పాడుతోందా అనిపించాలి. రెండోసారి అది కథలోని ఆమె గొంతులో ఉంటుంది. కరెంటు పోయి హోరు ఆగినప్పుడు, అప్పటిదాకా దాన్ని పట్టించుకోని వాళ్లకు కూడా కాలి కింద చాప లాగేసినట్టు అనిపిస్తుంది. మూడోసారి తకిట, తకధిమి తట్టుడు మీద అదే రాగం తిరిగి వస్తుంది. మొత్తం కలిపి రెండు నిమిషాల చిల్లర. 14 నిమిషాల సినిమాకు అంతే సంగీతం.

రేడియో గొంతు తేలికైన పని. 300 హెర్ట్జ్‌కు కింద, 3400కు పైన కోసేస్తే ఫోన్ గొంతు వస్తుంది, దాని మీద కాస్త గరగర. కానీ భూమి నుంచి మాట చేరడానికి 1.28 సెకన్లు, జవాబుకు మళ్లీ అంతే పడుతుందని డైరెక్టర్ పట్టుబట్టింది. రెండున్నర సెకన్ల ఆ ఖాళీ మొదటి సీన్‌లోనే ఒంటరితనాన్ని చెప్పేసింది. అపోలో సంభాషణల్లో వినబడే 'బీప్' అలంకారం కాదు, భూమి మీది ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేయడానికి 2525, ఆఫ్ చేయడానికి 2475 హెర్ట్జ్ సంకేతాలు. మేం వాటిని కాపీ కొట్టలేదు. మా బీప్‌ను కూడా అయిదు శ్రుతిలోనే పెట్టుకున్నాం.

మిక్సింగ్ నా ల్యాప్‌టాప్‌లోనే, ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో సౌండ్ కోసం ఉండే ఫెయిర్‌లైట్ భాగంలో చేశాను. అక్కడ నన్ను బాగా వేధించింది నిశ్శబ్దం. మొదట బయటి సీన్‌లో నిజంగా సున్నా పెట్టాను. ఎడిటర్ భయపడినట్టే అయింది, చూసిన నలుగురిలో ముగ్గురు హెడ్‌ఫోన్ వైరు సరిచూసుకున్నారు. సున్నా నిశ్శబ్దంలా వినబడదు, తెగిపోయినట్టు వినబడుతుంది. అందుకే ఆమె సూట్ లోపలి ఫ్యాను, రక్తం పారుతున్నట్టు ఒక సన్నటి ఊగు, వినీ వినబడనంత పెట్టాను. దానికి ముందు పది సెకన్లలో స్టేషన్ హోరును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాను. ఎత్తు నుంచి పడితేనే లోతు తెలుస్తుంది. చంద్రకంపం ల్యాప్‌టాప్ స్పీకర్లలో అసలు వినబడలేదు, అంత కింది చప్పుడు వాటికి పలకదు. దాని మీద కాస్త గరుకుదనం కలిపి పై స్థాయిలు పుట్టించాక కనీసం ఉనికి తెలిసింది.

డిపార్టుమెంటు హాల్లో ప్రదర్శన రోజు నాకు చేతులు చల్లబడ్డాయి. అంత టెన్షన్. గంట ముందే వెళ్లి ఫ్యాన్లు ఆపించి, లెవల్ చూసుకున్నాను. చేయి జారే షాట్ దగ్గర మోత తెగగానే హాల్లో ఎవరో కుర్చీలో కదిలిన కిర్రు స్పష్టంగా వినబడింది. ఆ తర్వాత అదీ లేదు. రెండు వందల మంది ఒక మనిషి ఊపిరి వింటూ కూర్చున్నారు. ఎవరూ పక్కవాళ్లను "ఏమన్నాడు?" అని అడగలేదు.

పండక్కి ఊరెళ్లినప్పుడు తాతకు సినిమా చూపించాను. ఫోన్‌లో పెడితే బొమ్మ చూస్తున్నాడు గానీ, "నా జమిడిక ఏదిరా, వినొస్తలేదు" అన్నాడు. నిజమే, ఫోన్ స్పీకర్‌లో అది రాదు. సంచిలోంచి పెద్ద బ్లూటూత్ స్పీకర్ తీసి ఆయన కూర్చున్న చెక్క మంచం మీద పెట్టాను. మళ్లీ ఆ సీన్ వచ్చింది. మంచం అదిరింది. తాత మెల్లగా అరచేయి పలక మీద ఆనించి, కళ్లు మూసుకుని, "ఇగో" అన్నాడు, "ఇప్పుడొచ్చింది."